కాగితం మందమంత బిగువు

లారీ వెనక చక్రాలను మీరు ఎప్పుడైనా లెక్కపెట్టారా? దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి. నగర్ ప్రాంతాల్లో వుండేవారికి ఇది కష్టమేమీ కాదు. విజయవాడ రహదారి మీద పగలూ రాత్రీ లారీలు నడుస్తూనే వుంటాయి. ముందువైపు ఒక్కో పక్క ఒక్కొక్క చక్రమే వుంటుంది. వెనక మాత్రం ఒక్కో పక్క రెండేసి చక్రాలు, ఒకదానికొకటి ఆనుకున్నట్లుగా, జంటగా వుంటాయి.

ఈ జంట చక్రాల గురించి నాకొక గట్టి అభిప్రాయం వుంది. దాన్ని ముందుగానే చెప్పేస్తాను. చక్రాన్ని లారీకి పట్టి వుంచేది బిగించిన మనిషి కండబలం కాదు; నట్టు లావు కాదు; చక్రం మెరుపు అంతకన్నా కాదు. శుభ్రం చేసిన ముఖాలూ, కొలిచి వేసిన బిగువూ, ఈ రెండే దాన్ని పట్టి వుంచుతాయి. కాబట్టి కొలవకుండా చక్రం బిగించే అలవాటుకు మనం స్వస్తి చెప్పాలి.

"ఇది మెకానిక్కులకు చెప్పవలసిన మాట. మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. రేపటి మెకానిక్కులూ, డ్రైవర్లూ, లారీ యజమానులూ, రవాణా అధికారులూ మీలోనుంచే రావాలి. పైగా ఇందులోని శాస్త్రం బలం, పీడనం, ఘర్షణ, వ్యాకోచం తప్ప మరేమీ కాదు. ఇవన్నీ మీ పాఠ్యపుస్తకాల్లో వున్నవే. పుస్తకంలోని పాఠం రోడ్డు మీద ఒక ప్రాణాన్ని ఎలా కాపాడుతుందో తెలుసుకోవటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదుగా దొరుకుతుంది.

రెండెందుకు?

మన దేశంలో 2018లో సవరించిన నిబంధనల ప్రకారం నాలుగు టైర్లున్న ఒక వెనక ఇరుసు మీద 11.5 టన్నుల వరకూ బరువు పడవచ్చు. దాన్ని నాలుగుతో భాగించండి. ఒక్కో టైరు మీద సుమారు 2,900 కిలోలు. లారీ టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 8 కిలోలు వుంటుందనుకుంటే, ఆ బరువును మోయటానికి టైరు నేలమీద 360 చదరపు సెంటీమీటర్ల మేర ఆనాలి. అంటే దాదాపు మీ నోటు పుస్తకం పేజీ అంత జాగా! ఒకే టైరు పెడితే అది రెట్టింపు బరువు మోయాలి. అందుకే ఇద్దరు మనుషులు ఒక మూట మోసినట్లు రెండు టైర్లు కలిసి మోస్తాయి. దారిలో ఒకటి పంచరైనా రెండోది కాసేపు ఆదుకుంటుంది.

ఇందులో ఒక చక్కని ఉపాయం వుంది. ముందు చక్రం, వెనక లోపలి చక్రం, వెనక బయటి చక్రం సాధారణంగా ఒకే రకానివి. వెనక బయటి చక్రాన్ని తిరగేసి బిగిస్తారు. రెండు చక్రాల నడిమి పళ్లేలు వీపూ వీపూ ఆనించినట్లు కలుస్తాయి. టైర్ల మధ్య మాత్రం కొంత ఖాళీ మిగులుతుంది. అందుకే ఒకే ఒక స్టెప్నీ ఏ చోటికైనా సరిపోతుంది.

కాని ఇద్దరు మోసేటప్పుడు ఇద్దరూ ఒకే ఎత్తు వుండాలి కదా! జంటలో ఒక టైరు వ్యాసం రెండోదానికంటే 12 మిల్లీమీటర్లు తక్కువనుకోండి. చుట్టుకొలతలో తేడా సుమారు 38 మిల్లీమీటర్లు. మీటరు వ్యాసమున్న టైరు కిలోమీటరుకు 318 సార్లు తిరుగుతుంది. రెండూ ఒకే హబ్బుకు బిగించి వుండటంవల్ల విడివిడిగా తిరగలేవు. కాబట్టి ఆ తేడా కిలోమీటరుకు 12 మీటర్ల ఈడ్పుగా మారుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఆ జంట మూడు కిలోమీటర్లకు పైగా ఈడ్చుకుంటూ వెళ్లినట్లే. రబ్బరు అరుగుతుంది, వేడెక్కుతుంది. చూశారా, కంటికి కనిపించని తేడా ఎంత పని చేస్తుందో! చక్రాల విషయంలో కొలత ఎందుకు ముఖ్యమో ఇక్కడే మొదలవుతుంది.

అల్యూమినియం ఎందుకు?

మన లారీల్లో చాలావాటికి ఇప్పటికీ ఉక్కు చక్రాలే. అక్కడక్కడ మాత్రం వెండిలా మెరిసే చక్రాలు కనిపిస్తాయి. అవి అల్యూమినియంవి. లారీల కోసం దిమ్మను నొక్కి తయారుచేసిన అల్యూమినియం చక్రాన్ని 1948లో అమెరికాలోని అల్కోవా సంస్థ ప్రవేశపెట్టింది.

ఘన సెంటీమీటరు ఉక్కు బరువు దాదాపు 7.85 గ్రాములు, అల్యూమినియం బరువు 2.7 గ్రాములే. అల్యూమినియం చక్రాన్ని మందంగా చెయ్యాలి కాబట్టి చక్రాల బరువులో అంత తేడా రాదు. అయినా ఇరవై రెండున్నర అంగుళాల ఉక్కు చక్రం 35 కిలోల అటూ ఇటూ వుంటే, అదే కొలత గల అల్యూమినియం చక్రం 20 నుంచి 25 కిలోలు వుంటుంది. పది టైర్ల లారీకి స్టెప్నీతో కలిపి పదకొండు చక్రాలు. మొత్తం మీద వంద కిలోలకు పైగా తగ్గుతుంది. అంత సరుకు ఎక్కువ వేసుకోవచ్చు, లేదా అంత డీజిలు ఆదా చేసుకోవచ్చు.

అయితే అల్యూమినియం మెత్తని లోహం కదా, ఇంత బరువు ఎలా మోస్తుంది? దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఈ చక్రాన్ని కరిగించి అచ్చులో పోయరు. కాల్చిన ఇనుమును కమ్మరి సుత్తితో కొట్టి కొడవలి చేసినట్లు, వేడిచేసిన దిమ్మను వేల టన్నుల బలంతో యంత్రంలో నొక్కి రూపం తెస్తారు. పోతపోసిన లోహంలో చిన్న చిన్న గాలి గుల్లలు మిగిలిపోవచ్చు. నొక్కినప్పుడు అవి మూసుకుపోతాయి. రెండోది, ఇది స్వచ్ఛమైన అల్యూమినియం కాదు. అందులో సుమారు ఒక శాతం మెగ్నీషియం, అంతకంటే కొద్దిగా తక్కువ సిలికాన్ కలుపుతారు. ఈ మిశ్రలోహాన్ని 530 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో వేడిచేసి, చటుక్కున చల్లార్చి, ఆ తరువాత 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి వుంచుతారు. అప్పుడు లోహంలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన రేణువులు ఏర్పడి, పొరలు జారకుండా అడ్డుపడతాయి. ఈ చికిత్సవల్ల అదే మిశ్రలోహం బలం ఐదు రెట్ల దాకా పెరుగుతుంది. అల్యూమినియం మిశ్రలోహాలు ఇలా గట్టిపడతాయని 1906లో కనిపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ శాస్త్రవేత్త.

ఇక్కడే ఒక ప్రమాదం దాగి వుంది. వేడితో వచ్చిన బలం వేడితోనే పోతుంది. ఈ చక్రానికి వెల్డింగు చేసినా, సొట్ట తీయటానికి మంట చూపినా ఆ రేణువులు పెద్దవై, చోట్లు మారి, బలం తగ్గిపోతుంది. ఇనుము వేడెక్కితే ఎర్రబడుతుంది. కమ్మరి ఆ రంగు చూసి వేడిని అంచనా వేస్తాడు. అల్యూమినియం అలా హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర కరిగిపోయేదాకా దాని రంగులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించదు. చల్లారిన తరువాత, బలం పోయిన చక్రమూ బలమున్న చక్రమూ చూడటానికి ఒకేలా వుంటాయి. అందుకే వెల్డింగు చేసిన, నిప్పులో కాలిన అల్యూమినియం చక్రాన్ని వాడకూడదని నియమం. దాన్ని పాత లోహంగా అమ్మేయవలసిందే. ఎంత నేర్పరి అయినా దాన్ని కంటితో చూసి "బాగానే వుంది" అని చెప్పలేడు.

మెరుగు ఆఖరిపని

ఎల్.బి. నగర్ దాటి వనస్థలిపురం దగ్గరికి వెళితే ఆటోనగర్ వస్తుంది. లారీకి సంబంధించిన పనులు అక్కడ వరుసగా చూడవచ్చు: బాడీ కట్టేవారు, బేరింగులు మార్చేవారు, టైర్లు విప్పేవారు, రంగులు వేసేవారు. పాత చక్రాన్ని మళ్లీ కొత్తగా చెయ్యటం కూడా ఇలాంటి చోట జరిగే పనే. ఆ పనికి ఒక వరుస వుంది. ఆ వరుస తప్పితే పని కాదు, మోసం అవుతుంది.

ముందుగా టైరులోని గాలిని పూర్తిగా తీసెయ్యాలి. ఆ తరువాతే చక్రం మీద చెయ్యి వెయ్యాలి. తరువాత కడగాలి. మామూలు సబ్బునీళ్లు చాలు. త్వరగా మెరవాలని గాఢమైన ఆమ్లంగాని, కాస్టిక్ సోడాగాని పోయకూడదు. ఎందుకో మీరే చెప్పగలరు. అల్యూమినియం ఆమ్లంతోనూ చర్య జరుపుతుంది, క్షారంతోనూ చర్య జరుపుతుంది. రెండింటిలోనూ హైడ్రోజన్ వెలువడి, లోహం కరిగి, ఉపరితలం గుంటలు పడుతుంది.

కడిగాక వెతకాలి. బోల్టు రంధ్రాల చుట్టూ, చేతి రంధ్రాల అంచుల్లో, టైరు కూర్చునే చోట పగుళ్లున్నాయా? రంధ్రాలు గుండ్రంగానే వున్నాయా, కోడిగుడ్డులా సాగాయా? ఇనుములో సన్నని పగుళ్లను అయస్కాంతంతో పట్టుకోవచ్చు. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు కాబట్టి ఇక్కడ మరో పద్ధతి. ఎర్రని పలుచని ద్రవం పూసి కాసేపు ఆగుతారు. అది పగుళ్లలోకి ఇంకుతుంది. పైన శుభ్రంగా తుడిచి తెల్లని పొడి చల్లితే, లోపల దాగిన ఎరుపు పైకి వచ్చి పగులును గీత గీసి చూపిస్తుంది. పగులున్న చక్రాన్ని పక్కన పడెయ్యాలి. దానికి మరమ్మతు లేదు.

ఇదంతా అయ్యాకే మెరుగు. ముందు గరుకు కాగితం, తరువాత నున్నని కాగితం, ఇలా 220, 320, 400, 600 అంకెల వరుసలో ఎమరీ కాగితంతో రుద్దుతారు. అంకె పెరిగిన కొద్దీ కాగితం మీది రేణువు సన్నబడుతుంది. ఒక్కో కాగితం అంతకు ముందరి కాగితం గీతలను చెరుపుతుంది. చివర గుడ్డ చక్రంతో బఫింగు చేస్తే అద్దంలా మెరుస్తుంది.

ఈ వరుసను తలకిందులు చేసి, ముందే మెరుగు పెడితే ఏమవుతుంది? అల్యూమినియం మెత్తనిది కాబట్టి రుద్దేటప్పుడు పలుచగా సాగి పగులు నోటిని కప్పేస్తుంది. ఇక ఎర్రని ద్రవం కూడా లోపలికి పోలేదు. కొనేవాడికి నిగనిగలాడే చక్రం కనిపిస్తుంది. పగులు మాత్రం లోపల అలాగే వుంటుంది. మెరుపును నేను తప్పుపట్టటంలేదు. నున్నని ఉపరితలం మీద మురికి నిలవదు, మళ్లీ పగులు వస్తే త్వరగా కనిపిస్తుంది. కాని మెరుపు పరీక్షకు బదులు కాదు. అది పరీక్ష నెగ్గిన చక్రానికి వేసే దండ మాత్రమే.

చక్రం దేన్ని పట్టుకుని వేలాడుతోంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలా పెద్ద లారీల్లో చక్రాన్ని హబ్బుకు పట్టి వుంచేవి పది బోల్టులు. వాటి మందం 22 మిల్లీమీటర్లు. లారీ బరువు ఆ బోల్టుల మీద వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

నట్టు బిగించినప్పుడు బోల్టు కాస్త సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ పొట్టిగా కావాలని లాగుతుంది. ఆ లాగుడే చక్రాలను హబ్బుకేసి నొక్కుతుంది. నొక్కుకున్న ముఖాల మధ్య ఘర్షణ పుడుతుంది. ఆ ఘర్షణే చక్రం జారకుండా చూస్తుంది.

ఇది మన పల్లెలకు కొత్త విషయం కాదు. ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా తొడగటం మీ తాతగారిని అడగండి. పట్టాను చక్రం కంటే కొద్దిగా చిన్నదిగా చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తారు. పట్టా కుదించుకుపోవాలని చూస్తుంది, చెక్క అడ్డుపడుతుంది. ఆ పెనుగులాటలో ఆకులూ కుండా ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. మన కమ్మరి వేడితో సాగదీసేవాడు. లారీ బోల్టును పానాతో సాగదీస్తారు. సూత్రం ఒకటే.

ఇక లెక్క వేద్దాం. ఇలాంటి బోల్టుల నట్టును సాధారణంగా 610 నుంచి 680 న్యూటన్-మీటర్ల వరకూ బిగించాలి. 650 అనుకుందాం. మామూలు పరిస్థితుల్లో అది బోల్టులో సుమారు 15 టన్నుల లాగుడును పుట్టిస్తుంది. పది బోల్టులకు 150 టన్నులు! ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, చక్రాలను జార్చటానికి 30 టన్నుల బలం కావాలి. ఒక పక్క జంట చక్రాల మీద పడే బరువు ఆరు టన్నులలోపే. బ్రేకు వేసినా, గోతిలో పడినా తట్టుకునేంత మిగులు వుందన్న మాట.

ఇంతవరకూ ధైర్యంగానే వుంది. కాని ఆ 15 టన్నుల లాగుడు కోసం బోల్టు ఎంత సాగిందో లెక్కిద్దాం. బిగింపులో వున్న బోల్టు పొడవు ఐదు సెంటీమీటర్లయితే, అది సాగేది మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. మీ నోటు పుస్తకంలోని ఒక కాగితం మందం దాదాపు అంతే.

ఈ అంకెను మరిచిపోకండి. టన్నుల కొద్దీ బరువున్న లారీ చక్రం ఒక కాగితం మందమంత సాగుడు మీద ఆధారపడి వుంది. హబ్బుకూ లోపలి చక్రానికీ మధ్య, లోపలి చక్రానికీ బయటి చక్రానికీ మధ్య, బయటి చక్రానికీ నట్టుకూ మధ్య ఎక్కడైనా దట్టమైన రంగు పొర, తుప్పు పెచ్చు, ఎండిన బురద మిగిలిందనుకోండి. బిగించినప్పుడు అంతా గట్టిగానే వుంటుంది. లారీ వంద కిలోమీటర్లు నడిచేసరికి ఆ పొర నలిగి, రాలి, కాగితం మందమంత తగ్గిపోతుంది. నట్టు ఒక్క చుట్టు కూడా తిరగలేదు. అయినా బిగువు పోయింది!

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చేసి చూడండి. రెండు చెక్క స్కేళ్లు తీసుకుని మధ్యలో ఒక అట్టముక్క పెట్టండి. పురికొసతో బిగించి కట్టి, అట్టముక్కను బయటికి లాగెయ్యండి. పురికొస వదులైపోతుంది, స్కేళ్లు జారిపోతాయి. ఈసారి పురికొసకు బదులు రబ్బరు బ్యాండు వేసి అదే పని చెయ్యండి. అట్టముక్క పోయినా బ్యాండు స్కేళ్లను పట్టుకునే వుంటుంది. ఎందుకని? రబ్బరు ఎంతో సాగింది. కొంచెం పోయినా ఇంకా మిగిలింది. పురికొస సాగింది కొంచెమే. ఆ కొంచెమూ పోయింది. లారీ బోల్టు పురికొస జాతిది.

అందుకే చక్రం కలిసే ముఖాల మీద రంగు వెయ్యకూడదు, గ్రీజు రాయకూడదు, మురికి వుంచకూడదు. హబ్బును తీగ బ్రష్షుతో లోహం కనిపించేదాకా రుద్దాలి. హబ్బు ఉక్కు, చక్రం అల్యూమినియం అయితే ఇంకో జాగ్రత్త. రెండు వేరువేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అదొక చిన్న విద్యుత్ ఘటంగా మారి అల్యూమినియాన్ని తింటుంది. కాకినాడ, విశాఖపట్నం రేవులకు తిరిగే లారీలకు ఈ బాధ ఎక్కువ. చక్రం మధ్య రంధ్రం కూర్చునే మెట్ల మీద మాత్రమే, తయారీదారు చెప్పినట్లయితే, పలుచగా గ్రీజు రాస్తారు.

ఉక్కు చక్రాలు తీసి అల్యూమినియంవి వేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఉక్కు పళ్లెం కంటే అల్యూమినియం పళ్లెం దాదాపు రెట్టింపు మందం. జంటగా పెడితే పాత బోల్టుల పొడవు చాలదు. నట్టుకు పూర్తి మరలు అందవు. పొడవైన బోల్టులు వెయ్యవలసిందే. "నాలుగు చుట్లు పట్టింది, చాల్లే" అనటం ప్రాణాలతో చెలగాటం.

బిగువు పోతే ఏమవుతుంది? ఘర్షణ చాలక చక్రం హబ్బు మీద వెంట్రుకవాసి కదలటం మొదలెడుతుంది. ప్రతి చుట్టుకూ బోల్టు అటూ ఇటూ వంగుతుంది. కిలోమీటరుకు 318 సార్లు. విజయవాడకు చేరేలోగా 85,000 సార్లకు పైగా. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపటం మీరు చేసే వుంటారు. అదే ఇక్కడా జరుగుతుంది. ఒక్కసారికి తెగని బలం లక్ష సార్లు పడితే తెంచుతుందని పంతొమ్మిదో శతాబ్దంలో రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి చూపినవాడు ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు. దీన్నే లోహపు అలసట అంటారు. ఒక బోల్టు తెగితే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. తరువాత అవీ తెగుతాయి.

టైరుతో కలిపి సుమారు వంద కిలోల చక్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఊడిపోయిందనుకోండి. దాని గతిశక్తి, పద్నాలుగు మీటర్ల ఎత్తునుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీదనుంచి వంద కిలోల బండ పడితే వచ్చేటంత. తిరుగుడువల్ల వచ్చే శక్తి దీనికి అదనం. దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపులో సాయంత్రం ఎంతమంది నిలబడతారో మీకు నేను చెప్పనక్కరలేదు.

చెయ్యి చెప్పగలదా?

"ముప్ఫయ్యేళ్లనుంచి బిగిస్తున్నాను, నా చెయ్యే నాకు కొలత" అనే మెకానిక్కు అన్నలు చాలామంది వున్నారు. వారి అనుభవాన్ని నేను తక్కువ చెయ్యను. సుత్తితో నట్టు మీద తట్టి, మోతను బట్టి వదులైనదాన్ని పట్టుకునే నేర్పు పుస్తకం చదివితే రాదు. అయినా ఈ ఒక్క విషయంలో చెయ్యి మోసపోతుంది. కారణం వినండి.

పానా మీద మనం పెట్టే శ్రమలో సుమారు 90 శాతం మరల్లోనూ, నట్టు కిందా జరిగే రాపిడికే ఖర్చవుతుంది. మిగిలిన 10 శాతమే బోల్టును సాగదీస్తుంది. మరలు తుప్పుపట్టి వుంటే రాపిడి పెరుగుతుంది. చేతికి నట్టు బిగుసుకున్నట్లే తోస్తుంది. బోల్టు మాత్రం సాగి వుండదు. మరలకు నూనె ఎక్కువైతే దీనికి విరుద్ధం: చేతికి వదులుగా తోస్తుంది, బోల్టు మాత్రం మోతాదుకు మించి సాగిపోతుంది. చెయ్యి చెప్పేది రాపిడి సంగతి. మనకు కావలసింది సాగుడు సంగతి.

పానాకు పైపు తొడిగి దానిమీద ఎక్కి గెంతటం మీరు చూసే వుంటారు. దానికీ లెక్క వుంది. మీటరు పొడవు పైపు చివర 66 కిలోల మనిషి కదలకుండా నిలబడితే సుమారు 650 న్యూటన్-మీటర్లు వస్తుంది. సరిగ్గా కావలసినంతే! కాని పైపు మీటరున్నర అయితే ఒకటిన్నర రెట్లవుతుంది. మనిషి గెంతితే ఎంతవుతుందో ఎవరికీ తెలియదు. రెట్టింపు దాకా పోతే బోల్టు సాగుడు హద్దుకు చేరుతుంది. హద్దు దాటి సాగిన బోల్టు, సాగిపోయిన లంగా నాడా రబ్బరులాగా, మళ్లీ వెనక్కి లాగదు. గాలితో తిరిగే గన్నుతో ఆపకుండా బిగించినా ఇదే గతి.

దీనికి పరిష్కారం టార్క్ రెంచి అనే పనిముట్టు. ఎంత బిగించాలో అంకె పెట్టి తిప్పితే, ఆ బిగువు రాగానే "టక్" మని చెబుతుంది. మరలు శుభ్రంగా వుండి, తయారీదారు చెప్పిన మేరకే నూనె చుక్క వేసి వుంటే, ఆ అంకెను నమ్మవచ్చు. నట్లను పక్కపక్కన వరుసగా కాక ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్లు బిగించాలి. అప్పుడే చక్రం ఒక పక్కకు ఒరగకుండా సమంగా కూర్చుంటుంది. ఆ తరువాత 80 నుంచి 160 కిలోమీటర్లు నడిపి మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఆటోనగర్‌లో చక్రం వేయించుకుని విజయవాడ బయలుదేరిన డ్రైవరు నార్కట్‌పల్లి దాటాక, సూర్యాపేట చేరేలోగా ఎక్కడో ఒకచోట ఆగి ఈ పని చేసుకోవాలన్న మాట. టీ తాగే సమయం చాలు.

"ఆ రెంచి ఖరీదెక్కువ, చిన్న షాపువాళ్లు కొనలేరు" అంటారు. నిజమే. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. పంటకోత యంత్రాన్ని పదిమంది రైతులు పంచుకోవటం లేదా? "లారీ యజమాని తొందరపెడతాడు" అంటారు. అదీ నిజమే. అందుకే ఈ భారమంతా పానా పట్టినవాడి మీదనే వెయ్యటం అన్యాయమని నా అభిప్రాయం. కొలిచి బిగించమని అడగవలసినవాడు యజమాని; అడిగేలా చెయ్యవలసింది చట్టం.

కెనడాలోని ఒంటారియోలో 1995లో లారీలనుంచి ఊడిన చక్రాలు తగిలి దారిన పోయేవారు మరణించారు. ప్రజల్లో ఆందోళన రేగింది. 1997లో అక్కడ చట్టం తెచ్చారు. లారీ చక్రం ఊడితే "మేం జాగ్రత్తగానే వున్నాం" అనే సాకు చెల్లదు. నడిపే సంస్థకు 2,000 నుంచి 50,000 డాలర్ల వరకూ జరిమానా. చక్రాలు బిగించేవారికి శిక్షణ కూడా తప్పనిసరి చేశారు. శిక్ష ఒక్కటే చాలదు, శిక్షణ కావాలని వారు గ్రహించారు.

మనకూ అలాంటి శిక్షణ అసాధ్యం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్ది దూరంలోనే కంచన్‌బాగ్ వుంది. అక్కడే రక్షణ లోహ పరిశోధనశాల, 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ వున్నాయి. లోహం ఎలా అలసిపోతుందో, ఎలా పగులుతుందో తెలిసిన నిపుణులు కొన్ని కిలోమీటర్ల దూరంలో వుండగా, ఆటోనగర్‌లో చక్రం బిగించే యువకుడికి ఆ జ్ఞానంలో నాలుగు ముక్కలు అందకపోవటం బాధాకరం. ఐ.టి.ఐ.లలో ప్రతి విద్యార్థీ టార్క్ రెంచి పట్టి బిగించి చూపాలి. ప్రతి టైర్ల షాపు గోడమీద ఏ బోల్టుకు ఎంత బిగువో తెలుగులో రాసి పెట్టాలి. ఉన్నత పాఠశాల విద్యార్థులను ఏడాదికొకసారి ప్రదర్శనశాలకు తీసుకువెళ్లినట్లే ఆటోనగర్‌కూ తీసుకువెళ్లాలి.

అక్కడికి వెళ్లినప్పుడు మీరు పనికి అడ్డం రాకండి, జాకీ మీద వున్న లారీ దగ్గరికి పోకండి. దూరంగా నిలబడి, పని ముగిశాక, మర్యాదగా అడగండి: "అన్నా, ముఖాలు రుద్దారా? ఎంతకు బిగించారు?" కొందరు నవ్వవచ్చు. కొందరు అంకె చెబుతారు. అంకె చెప్పినవారి పేరు మీ మాస్టారికి చెప్పండి. అలాంటివారిని మీ బడికి పిలిచి ఒక పాఠం చెప్పించుకోవాలి. ఘర్షణ గురించి వారికంటే బాగా చెప్పగలవారు మీకు దొరకరు.